కొలిమి ముసలిదైందన్న మాట

మా ఆయన పోయి నాలుగు నెలలైంది. ఆయన చొక్కాలు ఏడూ ఇంకా అల్మారాలోనే ఉన్నాయి. అన్నీ తెల్లవే. పనిలో వేసుకునే నీలం కోటు ఫ్యాక్టరీవాళ్లు ఇచ్చేవారు. ఇంటికి రాగానే దాన్ని విప్పి మేకుకి తగిలించి, ఒంటికంటిన మసి పోయేదాకా స్నానం చేసి, తెల్ల చొక్కా తొడుక్కుంటే గానీ ఆయన ప్రాణం కుదుటపడేది కాదు. ఆ చొక్కాల మీద మా ఇద్దరికీ జరిగిన ఒక చిన్న గొడవతోనే ఇదంతా మొదలైంది. అప్పుడు నాకా సంగతి తెలియలేదు.

ఆయన లోహం కాల్చే మనిషి. దిమ్మల్ని కాల్చి, సుత్తితో సాగగొట్టి, యంత్రాలకు కావలసిన ఇరుసులూ చక్రాలూ చేసే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు కొలిమి ముందు నిలబడ్డారు. కొలిమంటే తిత్తితో ఊదే చిన్న కొలిమి కాదు. ఇటుకలతో కట్టింది, ఒక గదంత ఉంటుంది, ముందు ఇనప తలుపు. ఆ తలుపు జానెడు పైకెత్తి, లోపల కాలుతున్న దిమ్మల్లో ఏది సిద్ధమైందో చూసి చెప్పడం ఆయన పని. ఎర్రగా ఉంటే పచ్చిది. నారింజ రంగు తిరిగితే సగం. నిమ్మపండు రంగుకి వస్తే సిద్ధం. దాన్ని కూడా దాటి తెల్లబడి, బయటికి తీయగానే చిటపట రవ్వలు చిమ్మిందంటే లోపల కాలిపోయిందన్నమాట. అలాంటిదాన్ని సుత్తి కింద పెడితే ఎండిన మట్టిబెడ్డలా విచ్చిపోతుంది. మళ్లీ చల్లారబెట్టి కాల్చినా బాగుపడదు.

ఆ రంగుల మధ్య తేడా ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అనేవారు. షెడ్డులో అందరూ ఆయన్ని కంటి మేస్త్రి అని పిలిచేవారు. ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడదు గానీ కంటి మేస్త్రట, అని నేను దెప్పేదాన్ని. ఉప్పు డబ్బా ఎర్రగా కాలితే కనపడుతుందిలేవే అనేవారు.

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ కాగితం మీద ఉన్న రూల్స్ కన్నా దాన్నే ఎక్కువ పాటించేవారు. దిమ్మ సిద్ధమైనప్పుడు కొలిమి మేస్త్రి ఎడం చెయ్యి పైకెత్తుతాడు. చెయ్యి లేచిందంటే సుత్తి మేస్త్రి దెబ్బ వేయాల్సిందే. దిమ్మ ఎలా కాలిందని అతను అడగకూడదు. దెబ్బ ఎలా పడిందని కొలిమి మేస్త్రి కూడా అనకూడదు. వేలు పెట్టడం మొదలుపెడితే ఒకరినొకరు చూసుకుంటూ నిలబడతారు, ఈలోగా దిమ్మ చల్లారిపోతుంది. అందుకని ఎవరి పని వాళ్లది, ఎవరి మాట వాళ్లది.

మా చెల్లెలి మొగుడు కూడా అక్కడే సుత్తి మేస్త్రి. పని నేర్పింది మా ఆయనే. తోడల్లుళ్లిద్దరూ వరసకి అన్నదమ్ములే గానీ, మా మరిది ఆయన్ని తండ్రిలా చూసేవాడు. పది టన్నుల యంత్రపు సుత్తిని దించి, కింద సగం తెరిచి నిలబెట్టిన అగ్గిపెట్టెని నలగకుండా మూయగలడని పేరు. నేను చూడలేదు. మా చెల్లెలు మాత్రం చూసినట్టే చెప్పేది. మా రెండిళ్ల మధ్య రెండు సందులే దూరం. పగలు పదిసార్లు అది నా వంటింట్లోకి వచ్చేది, పిలవకుండా.

నాలుగేళ్ల కిందట ఆ షెడ్డుకి కొత్త లోహం వచ్చింది. ఉక్కులో ఇంకేవేవో కలిపి చేసింది. వేడిగాలిలో గిర్రున తిరిగే చక్రాలకి కావాలట. మొదటి వారం ఆయన ముభావంగా తిరిగారు. అన్నం దగ్గర కూర్చుని కంచంలో వేలితో గీతలు గీసేవారు. ఒక ఆదివారం నేను బట్టల సబ్బు బారు ముక్కలు కోస్తుంటే పక్కన చేరి చూశారు. చలిగా ఉన్న పొద్దున సబ్బు కోస్తే పగులుతుంది. కాసేపు ఎండలో పెట్టి కోస్తే నున్నగా తెగుతుంది. ఎక్కువసేపు పెడితే మెత్తబడి, కత్తికి అంటుకుని, ముక్క ముక్కగా రాలిపోతుంది. అది కూడా కత్తి గబుక్కున దించకూడదు, నెమ్మదిగా ఒత్తుకుంటూ పోవాలి. ఇదంతా నాకెవరూ చెప్పలేదు, చేతికే తెలుసు.

ఆయన చాలాసేపు చూసి, "ఇదేనే దాని గుణం" అన్నారు. "పాత ఉక్కు మంచిది. కాస్త ఎక్కువ కాలినా తక్కువ కాలినా సర్దుకుపోయేది. దీనికి ఓర్పు లేదు. కాస్త చల్లారితే బీట వేస్తుంది, కాస్త ఎక్కువైతే రాలిపోతుంది. మధ్యలో ఉన్న సందు ఇంతే." వేళ్లు రెండూ దగ్గరపెట్టి చూపించారు. "ఆ సందులో పట్టుకుని, మొదటి దెబ్బలు నెమ్మదిగా వేస్తే మాట వింటుంది."

ఆ మర్నాటి నుంచీ దిమ్మలు మాట విన్నాయి. సబ్బు కోసే పెళ్లాం దగ్గర నేర్చుకొచ్చానని షెడ్డులో చెప్పారట. అందరూ నవ్వారట. నాకైతే గర్వంగానే ఉండింది.

అప్పుడే కొత్తగా చేరిన ఒక ఇంజనీరమ్మ, దూరం నుంచి వేడి కొలిచే మీటరు ఒకటి తెచ్చింది. తుపాకీలా పట్టుకుని గురిపెడితే అంకె చూపిస్తుందట. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముప్పై ఏళ్లు కాపురం చేసిన పెళ్లాన్ని గుర్తుపట్టడానికి కార్డు అడుగుతారా అమ్మా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. మేనేజరు మాత్రం కంటి మేస్త్రి ఉండగా అదెందుకు, ఆఫీసు బీరువాలో పెట్టు అన్నాడట. అలా అది బీరువాలోకి వెళ్లింది. ఇంటికొచ్చి ఈ మాట చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేనూ మురిసిపోయాను. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలదా అని మా అమ్మ అనేది. ఆ మాట నాకప్పుడు గుర్తురాలేదు.

ఇక చొక్కాల గొడవ. ఒకరోజు స్నానం చేసి వచ్చి, చొక్కా చేతిలో పట్టుకుని, "ఏమే, ఈ మధ్య సబ్బు పొదుపు చేస్తున్నావా? పచ్చబడిపోయాయి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నా ఉతుకుకి అంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు. మళ్లీ నానబెట్టి, మళ్లీ ఉతికి, నీలిమందు రెట్టింపు వేసి ఆరేశాను. దాబా మీద పక్కింటావిడ చూసి, మీ ఆయనవి తెల్ల చొక్కాలా, లేత నీలం చొక్కాలా అని నవ్వింది. ఆయన మాత్రం వేసుకుని అద్దంలో చూసుకుని, "ఆఁ, ఇప్పుడు తెల్లగా ఉన్నాయి" అన్నారు.

తేడా చొక్కాల్లో లేదని నాకప్పుడే తెలుసు. ఆయన ఎప్పుడో ముందే హాల్లో లైటు మసగ్గా ఉందని పెద్దది వేయించారు. నాకేమో ఆ వెలుతురుకి కళ్లు చికిలించాల్సి వస్తోంది. అయినా ఊరుకున్నాను. వయసైతే కళ్లు అందరికీ మందగిస్తాయి, అద్దాలు పెట్టుకుంటారు, అంతే కదా అనుకున్నాను.

ఏడాదికొకసారి ఫ్యాక్టరీలో కంటి పరీక్ష ఉండేది. గోడ మీద వరసలు వరసలుగా ఇంగ్లీషు అక్షరాలు, పైన పెద్దవి, కిందకి పోనుపోను చిన్నవి. ఏటా అదే అట్ట. అప్పటి పరీక్షకి వారం ముందు ఆయన నవ్వుతూనే అన్నారు, కింది రెండు వరసలూ అలుక్కుపోయినట్టున్నాయని. ఏదో పనిమీద వెళ్లినట్టు ఆ పరీక్ష గదిలోకి వెళ్లి, అట్టని దగ్గర్నుంచి చూసి చీటీ మీద రాసుకొచ్చారు. నాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వాటి ఆకారాలు చూసి పాత క్యాలెండరు వెనకవైపు బొగ్గంత నల్లగా, అరచేతంత పెద్దగా గీశాను. నేను వేలు పెడితే ఆయన చెప్పాలి. రోజూ అన్నాలయ్యాక ఇదే మా ఆట. చివరికి ఆయనకన్నా నాకే ముందొచ్చేశాయి. తడబడితే నెత్తి మీద గరిటతో ఒకటి వేసేదాన్ని. పరీక్షలో పాసైపోయారు. కళ్లు కుర్రాడివి అని డాక్టరు మెచ్చుకున్నాడట. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

ఆ తర్వాత రెండు నెలలకి అనుకుంటాను, బూట్లు విప్పుకుంటూ, "కొలిమి ముసలిదైపోయిందే" అన్నారు. "దిమ్మ రంగుకి రావడానికి ఇదివరకటికన్నా చాలాసేపు పడుతోంది. ఇటుకలు మార్చమంటే మార్చరు."

నేను గిన్నె తోముతున్నాను. చొక్కా తెల్లగా ఉన్నా పచ్చగా కనబడే మనిషికి, లైటు వెలుగుతున్నా మసగ్గా కనబడే మనిషికి, దిమ్మ మాత్రం ఉన్నట్టు ఎలా కనబడుతుంది? నిమ్మపండు రంగు ఆయన కంటికి నారింజలా ఉంటుంది. ఇంకా రాలేదనుకుని ఇంకాసేపు ఉంచుతారు. ముసలిదైంది కొలిమి కాదు. ఇదంతా గిన్నె తోమినంతసేపట్లో నాకు బోధపడింది. గిన్నె బోర్లించి, "అన్నం వడ్డించనా" అని అడిగాను.



కొత్త లోహం దిమ్మలు పగలడం మొదలైంది కూడా అప్పుడే. మొదట్లో పదికి ఒకటి, తర్వాత మూడు. అప్పుడు మా మరిది వేరే సుత్తి మీద ఉండేవాడు, మా ఆయన కొలిమి దగ్గరి సుత్తి మీద ఉన్నది ఇంకొకాయన. ఎప్పుడూ ఈల వేస్తూ పనిచేసేవాడని ఈలాయన అనేవారు. దిమ్మ సరిగ్గానే కాలి ఉంటుంది, కంటి మేస్త్రి కాల్చింది కాబట్టి. అంటే తప్పు దెబ్బది. మొదటి దెబ్బలు నెమ్మదిగా వేయాల్సింది, ఈలాయన పాత అలవాటు కొద్దీ గట్టిగా వేస్తున్నాడు. అలా తేల్చేశారు. పదిహేనేళ్లు సుత్తి నడిపినవాణ్ణి తీసి బయట సరుకులెక్కించే చోట వేశారు. నెల తిరక్కుండా పని మానేసి వెళ్లిపోయాడు. ఆయన భార్యని నేను ఒకటి రెండుసార్లు బజార్లో చూశాను. ఈ కబురు విన్న రోజు, అయ్యో పాపం అన్నాను. నిజంగానే అన్నాను. అని, బియ్యం ఏరుకున్నాను.

ఈలాయన జాగాలోకి మంచి చెయ్యి కావాలని మా మరిదిని తెచ్చారు. మా చెల్లెలు సంబరపడింది. బావా, ఆయనా ఒకేచోట, ఇక మనకేం అంది. నాకు నవ్వు రాలేదు. ఏంటక్కా, మొహం అలా పెట్టావు, నీ మొగుణ్ణి మా ఆయన మింగేస్తాడా అని ఆటపట్టించింది.

నెలన్నర గడిచింది. ఒక పగలు, రెండూ రెండున్నర మధ్య, మా చెల్లెలు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. దిమ్మ సుత్తి కింద పేలినట్టు విచ్చిపోయి, నిప్పులా ఉన్న ఒక పెచ్చు అడ్డుపలక మీంచి ఎగిరి మా మరిది కుడిచేతి మీద పడింది. మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా కాల్చేసింది. నరం తెగలేదు, అదొక్కటే అదృష్టం అన్నారు ఆస్పత్రిలో. మా ఆయన ఆస్పత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "సరిగ్గానే కాలింది. నేనే చూశాను. సరిగ్గానే కాలింది" అన్నారు. నేను అడగలేదు. ఆయనే రెండుసార్లు చెప్పారు.

విచారణ పెట్టారు. వచ్చే బుధవారం తేలుస్తామన్నారు. తేలేదేముంది, ఈలాయన విషయంలో తేలిందే. దెబ్బ తప్పని రాస్తే మా మరిదిని ఇక జన్మలో సుత్తి దగ్గరికి రానివ్వరు. ఇంకో పని వచ్చినవాడు కాదు. అంతకన్నా ఘోరం, అతనే అది నమ్మడం మొదలుపెట్టాడు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు మంచం మీద కూర్చుని, బాగున్న ఎడంచేతిని గాల్లోకి ఎత్తి, మెల్లగా దించుతూ, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాడు. "తొందరపడ్డానేమో వదినా" అన్నాడు. "నెమ్మదిగా వేశాననే అనుకున్నా. చెయ్యి మనల్ని మోసం చేస్తే మనకెలా తెలుస్తుంది?"

చెయ్యి కాదు నాయనా అనడానికి మూడు మాటలు చాలు. అనలేకపోయాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అంటే ఏమవుతుంది? కంటి మేస్త్రి అన్న పేరు తప్ప ఆయనకి వేరే ఆస్తి లేదు. మరో నాలుగేళ్లలో దిగిపోయే మనిషి. అనకపోతే ఏమవుతుందో ఎదురుగా మంచం మీద కనబడుతూనే ఉంది.

శనివారం సాయంత్రం మా చెల్లెలు వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. ఏడవలేదు. "అక్కా, బావతో ఒక్క మాట చెప్పించు. అనుకోకుండా జరిగిందని, చేతిది తప్పు కాదని. కంటి మేస్త్రి మాటంటే వాళ్లు కాదనరు" అంది. చెబుతానన్నాను. అది నన్ను పట్టుకుని, నా భుజం మీద తల పెట్టుకుంది. అది తల పెట్టుకున్న భుజం ఇప్పటికీ నాది కాదనిపిస్తుంది.

ఆదివారం పొద్దున ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. ఆయన పేపరు దగ్గరగా పట్టుకుని చదువుతున్నారు. నేను ఆయన నీలం కోటు ఒళ్లో వేసుకుని, చిరిగిన జేబు కుట్టడానికి కూర్చున్నాను. దారాల పెట్టె మూత తీసి ఆయన ముందు పెట్టి, "ఏమండీ, ఆ నీలం దారం ఇటివ్వండి" అన్నాను.

ఆయన పెట్టెలో చూశారు. ఒకటి తీసి ఇచ్చారు. నల్లది.

నేను దాన్ని తీసుకుని కోటు పక్కన పెట్టాను. "నీలందండీ" అన్నాను మళ్లీ. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన ఈసారి పెట్టెని ఎండలోకి జరిపి, ఒక్కో రీలూ తీసి, కిటికీకేసి పట్టి చూసి, పక్కన పెట్టారు. అలా పదో పన్నెండో. ఊదాది, నల్లది, మళ్లీ ఊదాది. ఇంకోటి తీశారు. అది నీలమే. దాన్ని కూడా చూసి పక్కన పెట్టేశారు.

తర్వాత ఆయన నా మొహం చూశారు. నేను తల దించుకోలేదు. ఆయనకి తెలిసిపోయింది. నాకు ఎప్పటినుంచో తెలుసని కూడా తెలిసిపోయింది. లేచి వెళ్లి, అల్మారా తెరిచి, చొక్కాల ముందు నిలబడ్డారు. ఒకదాన్ని చేత్తో తడిమి, "వీటికి నీలిమందు ఎంత వేస్తున్నావు?" అన్నారు.

"రెట్టింపు" అన్నాను.

ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు.

బుధవారం షెడ్డులో జరిగింది నేను చూడలేదు. కట్టుకట్టిన చేత్తో అక్కడున్న మా మరిది చెప్పాడు. మేనేజరు కాగితాలు తెరవబోతుంటే మా ఆయన ఇంజనీరమ్మని పిలిచి, బీరువాలో మీటరు తెమ్మన్నారట. కొలిమి తలుపు ఎత్తి, ఎప్పటిలా చూసి, చూసి, ఎడం చెయ్యి పైకెత్తి, "ఇప్పుడు కొలవమ్మా" అన్నారట. ఆ పిల్ల కొలిచింది. మళ్లీ కొలిచింది. చివరికి, "తొంభై డిగ్రీలు ఎక్కువుంది మేస్త్రిగారూ" అందట, అదేదో తన తప్పయినట్టు. రెండో దిమ్మకి నూటపది.

"దెబ్బలో తప్పు లేదు. కాల్చిందే తప్పు. రాసుకోండి" అన్నారట ఆయన. వాళ్లు రాసుకుంటుంటే, "ఈలాయనది కూడా తప్పు కాదు. అదీ రాయండి" అన్నారట. మరి కంటి పరీక్షలో ఎలా పాసయ్యావని మేనేజరు అడిగితే, అక్షరాలు నేనే బట్టీ పట్టానన్నారట. నా పేరు ఎత్తలేదు.

కోటు ఆ రోజే ఇచ్చేశారు. పనిముట్ల గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లకి పట్టకార్లూ స్పానర్లూ అందించడం పని. కొలిమి ముందు కొత్తగా ఒకతను, చేతిలో మీటరు. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. కంటి మేస్త్రి అని మాత్రం పిలవడం మానేశారు. పెద్దాయనా అనేవారు. అది ఆయనకి తిట్టులా తగిలేది.

ఈలాయన కోసం రెండుసార్లు వెళ్లారు. మొదటిసారి తాళం. రెండోసారి ఆ ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఎటు వెళ్లారో తెలియదన్నారు. తిరిగొచ్చి మెట్ల మీద కూర్చున్నారు. లోపలికి రమ్మంటే చీకటి పడేదాకా రాలేదు.

తర్వాత రెండు కళ్లకీ ఆపరేషన్ చేశారు. ఇన్నేళ్లు మంటలోకి చూసినవాళ్లకి ఇలా పొర కమ్మడం ఉన్నదే, ముందే వస్తే ఎప్పుడో బాగయ్యేదని ఆ డాక్టరు మామూలుగా చెప్పింది. కట్లు విప్పిన రోజు ఆయన మొదట చూసింది తన చొక్కానే. "ఇంత నీలంగా ఉందేమిటే?" అన్నారు. తర్వాత నన్ను చూశారు. జుట్టు చూశారు. ఇదెప్పుడు తెల్లబడిందని అడిగారు. అంతలో మా మరిది లోపలికొచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. ఆ చేతి మీద మచ్చ గులాబీరంగులో, నిగనిగలాడుతూ, ముడతలు పడి ఉంది. ఆయన దాన్ని అంత స్పష్టంగా చూడడం అదే మొదలు. మొహం గోడకేసి తిప్పుకున్నారు. ఆ తర్వాత మా మరిది ఎప్పుడొచ్చినా అతనికి ఎడంవైపే కూర్చునేవారు. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ అంతే. ఒకరోజు పనిముట్ల గదిలో స్టూలు మీదే ఒరిగిపోయారు. గుండె అన్నారు.

పోయిన నెల మా మరిదీ చెల్లెలూ వచ్చారు. బట్టలవీ తీసి ఎవరికైనా ఇచ్చేద్దామని. చొక్కాలు బయటికి తీయలేకపోయాను. కింద అరలో పాత కాగితాలు తీస్తుంటే ఆ క్యాలెండరు బయటపడింది. అక్షరాలు అరచేతంత. మా మరిది దాన్ని తిప్పి చూసి, ఇదేంటి వదినా అన్నాడు. చెప్పేశాను. చొక్కాలూ, లైటూ, గిన్నె తోమిన సాయంత్రం, అన్నీ చెప్పేశాను. చెల్లెలు గుమ్మంలో నిలబడి వింటోంది.

మా మరిది కోప్పడతాడనుకున్నాను. అతను తన చేతి మచ్చకేసి చూసుకుని, "నాకూ తెలుసు వదినా" అన్నాడు. "దిమ్మ బయటికి తీయగానే రవ్వలు చిమ్మింది. కళ్లారా చూశాను. అన్నయ్య చెయ్యెత్తాడు. అన్నయ్య చెయ్యెత్తాక నేనెవర్ని? వేసేశాను. తర్వాత రవ్వలు చూడలేదని నాకు నేనే చెప్పుకున్నాను. చేతిదే తప్పనుకుంటే తేలిగ్గా ఉండింది." ఇప్పుడు షెడ్డులో సుత్తి మేస్త్రి కూడా వద్దనొచ్చట. రవ్వలు కనబడితే వెనక్కి పంపొచ్చట. ఆ మాట తనే పట్టుబట్టి పెట్టించాడట.

మా చెల్లెలు లోపలికొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "అయితే మీ అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు" అంది. గొంతు పెంచలేదు. "పోనీ, చెప్పావు కదా చివరికి. దారాల పెట్టె తీశావు కదా. నేను నీ చెల్లెల్ని కాబట్టి తీశావు." "ఈలాయన పెళ్లానికి కూడా ఈ ఊళ్లో ఒక అక్క ఉండి ఉంటే బాగుండేది."

మూడు వారాలైంది, అది మా ఇంటికి రాలేదు. రెండు సందులే దూరం. వెళ్దామని రోజూ పైట సర్దుకుంటాను. అది అన్నదానికి ఏం బదులు చెప్పాలో తేలక చెప్పులు విప్పేస్తాను. అబద్ధం అందామంటే, ఈలాయనని తీసేశారని విన్న సాయంత్రం నేను ఏరిన బియ్యం నాకింకా గుర్తుంది. రాళ్లు తొమ్మిది వచ్చాయి. నిజమే అందామంటే, ఆ మాట తీసుకెళ్లి ఇవ్వాల్సింది మా చెల్లెలికి కాదు, ఈలాయన పెళ్లానికి. ఆవిడ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు.